వెదకువారికి దొరకు పుట

ఇటీవల మన సోదరీమణులలో అంతర్జాలమున వ్రాయువారు విశేషముగా నున్నారు. వంటకములు, వ్రతవిధులు, పెరటి మొక్కల పోషణము, పిల్లలకు చెప్పు కథలు, పుట్టినింటి యూరి చరిత్రము, ఇవి యన్నియు పుటలు పుటలుగా వెలువడుచున్నవి. లోకమున వీనిని వెబ్ పేజీలందురు. మేమిచ్చట పుటలనియే వ్రాయుదుము. ఈ శీర్షికకు వచ్చు లేఖలలో నొక ప్రశ్న పలుమాఱులు కనబడుచున్నది. "ఎంతయో శ్రమపడి వ్రాసితిమి. చుట్టములు తప్ప నెవరును చదువలేదు. లోపమెక్కడ?" అని. లోపము తఱచుగా విషయమునందుండదు. ఆ విషయమును వెదకువారు ఏ మాటలతో వెదకుదురో యా మాటలు పుటలో లేకుండుటయే లోపము. ఈ మాసము దానినిగూర్చి ముచ్చటింతము.

పత్రిక యింటికి నడచివచ్చును. దానిని చేతబట్టిన యిల్లాలు తీరికగా పుటలు త్రిప్పుచు, శీర్షిక యింపుగా నున్నచో నిలిచి చదువును. అంతర్జాలపు పుట యెవరి యింటికిని రాదు. అది యున్నచోటనే యుండును. అవసరము గలవారు రెండు మూడు మాటలు ఫోనులో వ్రాసియో, పలికియో దానికడకు రావలయును. గూగులు మొదలగు వెదకు యంత్రములు చేయు పని యేమనగా, తమకు కనబడిన పుటల నన్నిటిని ముందుగనే చదివి, ఏ మాట యేయే పుటలయందున్నదో యొక పెద్ద పట్టిక సిద్ధపఱచుకొనుట. మనవారు పాత ప్రబంధములను అచ్చువేయించునపుడు గ్రంథాంతమున అకారాదిగా పద్యసూచిక చేర్చుచుండిరి గదా, ఇదియు నట్టిదే. కాని పద్యసూచికలో మొదటిమాట తెలిసినగాని పద్యము దొరకదు. నడిమి పాదము మాత్రమే జ్ఞాపకమున్నవారు గ్రంథమంతయు తిరుగవేయవలసినదే. యంత్రపు పట్టికలో ప్రతి మాటకును చోటున్నది. వేలకొలది పుటలు దొరకినపుడు, వెదకిన మాట పుట పేరులో నున్నదా, లోపలి చిన్న శీర్షికలలో నున్నదా, ఇతరులు తమ పుటలనుండి దీనికి దారి చూపుచున్నారా యని పెక్కు విషయములు లెక్కించి, ఏది ముందు చూపవలెనో నిర్ణయించును. నేడు యంత్రము పర్యాయపదములను సైతము కొంతవఱకు గ్రహించుచున్నమాట నిజమే. అయినను మన భాషవిషయమున దానిపై భారమంతయు వేసి కూర్చుండుట తగదని మా యభిప్రాయము.

మేము బాల్యమున ఇంటియందే అమరకోశము వల్లించినవారము. అమరసింహుడు స్వర్గముతో మొదలిడి విషయక్రమమున పర్యాయపదములను గుదిగ్రుచ్చెను. ఆ గ్రంథమున మాట వెదకవలెనన్న నది కంఠస్థమై యుండవలసినదే. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడి, అకారాదిక్రమమున తెలుగు మాటలను మన ముందుంచిన పిమ్మట, వల్లింపనివారికిని మాట సులభముగా దొరకినది. అకారాది నిఘంటువులు రాగా నమరము పని తీఱినదని తలచువారు కలరు. మేమట్లు తలంపము. పుట వ్రాయువారికి నేడు మిక్కిలి యక్కఱకు వచ్చు విద్య యమరమునందే యున్నది. ఒక వస్తువునకు లోకమున నెన్ని పేర్లు గలవో అన్నియు నొకచోట చేర్చుటయే యా విద్య.

మా జహీరాబాదు ప్రాంతపు పంటలనే తీసికొందము. ఇచ్చటి పస్తాపూరున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యనునది 1983లో పుట్టినది. దాని సంఘములలోని స్త్రీలు, పెక్కుమంది బడి మొగ మెఱుగనివారు, జొన్నలు, కొఱ్ఱలు, సామలు, తైదలు మొదలగువాని విత్తనములను తరతరముల నుండి వచ్చిన తెలివితో ఇండ్లలో నిలిపియుంచుకొన్నారు. సంక్రాంతి మొదలుకొని యెడ్లబండ్లపై విత్తనములను అలంకరించి, యూరూర పాత పంటల జాతర జరుపుదురు. 2008 అక్టోబరు 15న మాచ్నూరులో వీరి సంఘం రేడియో ప్రారంభమైనది. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి పక్షమున నిచ్చు ఈక్వేటర్ బహుమానము లభించినది. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట ఈ ధాన్యములనుగూర్చి వ్రాయువారు లెక్కకు మిక్కిలియైనారు.

ఇపుడొక సోదరి తైదలనుగూర్చి పుట వ్రాయదలచినదనుకొందము. మా వైపు తైదలనిన పిల్లలకును తెలియును. కోస్తాలోను రాయలసీమలోను అవియే రాగులు. శ్రీకాకుళము, విజయనగరము వైపు చోళ్లు. పుటలో తైదలని మాత్రమే వ్రాసినచో నెల్లూరి కోడలు దానిని చూడదు; రాగులని మాత్రమే వ్రాసినచో మా జహీరాబాదు ఆడుబిడ్డ చూడదు. పైగా "రాగి" యని యేకవచనమున వ్రాసితిమా, రాగి జావ వెదకినవారికి రాగి చెంబులు ఎదురుకావచ్చును. దీనికి మందు కఠినమైనది కాదు. మొదటి వాక్యముననే "తైదలను రాగులు, చోళ్లు అని కూడా అంటారు" అని వ్రాసిన చాలును. సజ్జలను గంటెలనువారు కలరు. మాకు పల్లీలైనవి మఱియొకరికి వేరుసెనగలు, ఇంకొకరికి బుడ్డలు. ఆలుగడ్డ, బంగాళాదుంప, ఉర్లగడ్డ యొకటే దుంప. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియావారు ఇందులకు చక్కని యుపాయము చేసికొన్నారు. ఒక వస్తువునకు గల వేఱుపేర్లతో ఉత్తపుటలు కల్పించి, వానిని నొక్కినవారిని అసలు పుటకు చేర్తురు. దానికి "దారిమార్పు" అని పేరు. ఒకే పేరు పలువస్తువులకు, పలు ఊళ్లకు ఉన్నపుడు, అన్నిటిని వరుసగా చూపి, నీకు కావలసినదేదో యెంచుకొమ్మని చెప్పు పుటకు "అయోమయ నివృత్తి" అని పేరు పెట్టిరి. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, మా కది చదివినపుడెల్ల నవ్వువచ్చును. అర్థము మాత్రము నిర్దుష్టము.

అలంకారశాస్త్రము చదివిన సోదరీమణు లిచ్చట నొక యాక్షేపణ చేయవచ్చును. మమ్మటుడు కావ్యదోషములు చెప్పుచు గ్రామ్యమును దోషముగా నెంచలేదా, తైదలు, బుడ్డలు, ఉర్లగడ్డలు అని వ్రాయుమందురా యని. ఎంచినమాట నిజమే. అది కావ్యమునకు. ఆ మమ్మటుడే అప్రతీతమను దోషమును జెప్పెను. ఒక శాస్త్రమువారికి మాత్రమే తెలిసిన మాటను తెచ్చి కావ్యమున ప్రయోగించుట అప్రతీతము. పుట వ్రాయువారు భయపడవలసిన దోషమిది. గ్రామ్యము పుటకు దోషముగాదు సరిగదా, అదియే తలుపు. అయితే పేర్లు చేర్చుమన్నామని, ప్రతి పంక్తియందును "తైదల జావ, రాగి జావ, చోళ్ల జావ" యని తిప్పి తిప్పి వ్రాయు నలవాటొకటి బయలుదేఱినది. ఇట్లు చేసిన యంత్రము తమ పుటనే ముందు చూపునని కొందఱి యాశ. యంత్రములు నడపువారు ఈ యెత్తు నెన్నడో కనిపెట్టి, అట్టి పుటలను వెనుకకు నెట్టుచున్నారు. చదువరి విసుగునుగూర్చి చెప్పనేల? పునరుక్తి యెచ్చటనైనను పునరుక్తియే.

ధాన్యముల పేర్లలో పొరబాటు జరిగిన నొకపూట జావ తప్పును. వ్యాధివిషయమున నట్లుకాదు. అర్ధరాత్రము పసిబిడ్డకు విరేచనములగుచున్నవి. ఇంట పెద్దవారు లేరు. ఆ చిన్నతల్లి ఫోను చేతబట్టి యేమని వెదకును? "పిల్లలకు విరేచనాలు ఏం చేయాలి" అనియో, "బాబుకు లూజ్ మోషన్స్" అనియో వెదకును. "శిశువులయందు అతిసారము, తత్కారణములు" అని పేరుపెట్టి యొక విద్వాంసుడు వ్రాసిన మంచిపుట యామెకు కనబడకయే పోవచ్చును. కనబడినదే యనుకొందము. అది పంచభూతములలో జలముయొక్క ప్రాశస్త్యముతో మొదలై, వ్యాధి చరిత్రము, సూక్ష్మజీవుల నామములు, లెక్కల పట్టికలు దాటి, పదునాల్గవ పేరాలో బిడ్డకేమి త్రాగింపవలెనో చెప్పును. పదునాలుగు పేరాలు చదువు నోపిక యప్పటి కాతల్లికి ఉండునా? ఒక చేత బిడ్డ, ఒక చేత ఫోను. కన్నీళ్లలో చిన్న యక్షరములు కనబడవు.

మేమైనచో నాపుట నిట్లు ప్రారంభింతుము.

"పిల్లలకు విరేచనాలు (లూజ్ మోషన్స్) అవుతుంటే వెంటనే ఏం చేయాలి

వెంటనే ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు. లీటరు ప్యాకెట్ అయితే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. చిన్న ప్యాకెట్ అయితే దాని మీద రాసి ఉన్నంత నీళ్లలోనే కలపాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో 6 టీ చెంచాల చక్కెర (పంచదార), అర టీ చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవాలి. బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 108కి ఫోన్ చేయండి."

ఈ పంక్తులలో నలంకార మొక్కటియు లేదు. ఒక్కొక్క వాక్యమున ఒక్కొక్క పని యున్నది. వెదకువారు పలుకు రెండు మాటలును పేరులోనే యున్నవి. "తగినన్ని నీళ్లు" అని వ్రాయలేదు. ఎన్ని నీళ్లో వ్రాసితిమి. "మొత్తం ఒకేసారి" యనుట యూరక వ్రాసినది గాదు. పొట్లములో సగము ఇప్పుడు, సగము పిమ్మట నని కంటిమట్టముగా కలిపినచో ఉప్పు పాలు హెచ్చి బిడ్డకు కీడు కలుగవచ్చును, తగ్గి మందు పనిచేయకపోవచ్చును. చక్కెర ప్రక్కన పంచదార చేర్చితిమి, ఏలయనగా మా వైపు చక్కెర, కోస్తావైపు పంచదార. తఱువాత వ్యాధి యెందుకు వచ్చును, జింకు మాత్రలు 14 దినములు ఏల యిత్తురు, ఏ వయసువారికి ఎంత యీయవలెను, మరల రాకుండ చేతులెట్లు కడుగుకొనవలెను, ఇవి యన్నియు వేఱువేఱు చిన్న శీర్షికల క్రింద వ్రాయవచ్చును. ప్రాణము కుదుటబడిన తల్లి తెల్లవారిన తఱువాత చదువుకొనును. మా యింటివారు జవాబుపత్రములు దిద్దుచు చెప్పుచుందురు: ప్రశ్నకు సమాధానము మొదటి పంక్తిలో కనబడిన పత్రముపై కలము వెంటనే నడచునట, పూర్వపీఠిక వ్రాసిన పత్రమున జవాబు ఎచట దాగియున్నదో త్రవ్వవలసివచ్చునట.

మాట సరిపోయిన చాలదు. అక్షరమును సరిపోవలెను. ఇది మనలో పలువురకు తెలియని సంగతి. 2000 సంవత్సర ప్రాంతమున తెలుగు పత్రికలు పెక్కు తమ తమ సొంత ఫాంటులతో అంతర్జాలమున వెలువడుచుండెను. కంటికి తెలుగు కనబడెడిది. యంత్రము దృష్టిలో మాత్ర మది తెలుగు కాదు; ఆంగ్లాక్షరములకు తొడిగిన తెలుగు ముసుగు. కాబట్టి ఆనాటి వార్తలు తెలుగు మాటలతో వెదకిన దొరకెడివి కావు. ఆ ముసుగును తొలగించి నిజమైన తెలుగుగా మార్చుటకు పద్మ యను సాధనమును, ఆంగ్లాక్షరములు నొక్కి తెలుగు వ్రాసికొనుటకు లేఖిని యను సాధనమును భాషాభిమానులే తయారుచేసి యుచితముగా లోకమునకిచ్చిరి. లోకమునందలి లిపులన్నిటికిని ప్రత్యేకసంఖ్యలను కేటాయించు యూనికోడు 1991లో వెలువడినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు. ర కారము సంఖ్య 3120, బండి ఱ సంఖ్య 3121. చూచితిరా, మేము పైన కొఱ్ఱలని బండి ఱతో వ్రాసితిమి. ఈ పత్రికాపుటలో నది యొప్పును. అంతర్జాలపు పుటలో ఎల్లవారును వ్రాయునట్లు కొర్రలని వ్రాయుటయే మేలు. యంత్రమున కవి రెండును వేఱువేఱు సంఖ్యలు.

సొంత ఫాంటుల కాలము గడచినదనుకొనుచుండగా మఱియొక రూపమున నాపద వచ్చినది. గులాబీపువ్వుల బొమ్మమీద తెలుగు వ్రాసి, దానిని ఫొటోగా పంపుట. వాట్సాపులో తిరుగు వంటకములు, మందుల సలహాలు, సభల పిలుపులు తఱచుగా నిట్టివే. బొమ్మలోని యక్షరములను యంత్రము కొన్నియెడల చదువగలదు, కొన్నియెడల చదువలేదు. అక్షరము పెద్దదిగా చేసికొని చదువవలెనన్న ముసలివారికి పంక్తి తెఱ దాటిపోవును. చూపులేనివారికి పుట చదివి వినిపించు సాధనము అచ్చట మూగవోవును. బొమ్మ పెట్టవలదని మేమనుటలేదు. బొమ్మలోనిది మరల పుటలో అక్షరములుగా వ్రాయుడు. ఏ బొమ్మయో యొక వాక్యము దానికి జతచేయుడు. "తైదల కంకి, ముదురు గోధుమరంగు" అనిన చాలును, "ఫొటో 3" అనిన చాలదు.

ఇక మా యూరి పేరు కథ వినుడు. జహీరాబాద్ అని కొందఱు, జహీరాబాదు అని కొందఱు. ఆంగ్లలిపిలో నడుమ ఒక యక్షరముతో నొక విధము, రెండక్షరములతో నొక విధము. విభక్తి చేర్చినచో "జహీరాబాదులో" యగును. లేదా "జహీరాబాద్‌లో" యగును. ఈ రెండవదానియందు ద్ పొల్లునకును లో యను దానికిని నడుమ కంటికి కనబడని యొక విడదీయు గుర్తున్నది. అది లేనిచో "జహీరాబాద్లో" యని లకారము దకారము క్రిందికి దిగును. కంటికి కనబడని యీ గుర్తు సామాన్యమైనది కాదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ వారి ఫోనులు జ్ఞా యను తెలుగు సంయుక్తాక్షరము నడుమ నీ గుర్తు వచ్చినచో చూపలేక కుప్పకూలిన వృత్తాంతము లోకమంతయు విన్నది. వెనువెంటనే వారు దిద్దుకొనిరి. మన కిందు కావలసిన దింతమాత్రమే: ఊరిపేరు, వస్తువు పేరు పుటలో నొకటి రెండు చోట్లనైనను విభక్తి తగిలింపక విడిగా వ్రాయవలెను. పుట పేరులో తప్పక విడిగా నుండవలెను. "జహీరాబాద్: సంత జరుగు దినములు" అనినచో వెదకినవారికి సూటిగా తగులును.

పుట చిరునామానుగూర్చి యొక్క మాట. దానిని తెలుగు లిపిలో పెట్టవచ్చును. కాని యితరులకు పంపునపుడు తెలుగు సంకేతమొక్కొక్కటి తొమ్మిదేసి గుర్తులుగా విచ్చిపోవుట కలదు. జహీరాబాద్ అను మాటలో గుడులు, దీర్ఘములు, పొల్లు కలిపి తొమ్మిది సంకేతములు. అనగా 81 గుర్తులు. తోకవలె సాగిన యా చిరునామాను చూచి మోసపు లింకేమోయని భయపడువారు కలరు. చిరునామా ఆంగ్లాక్షరములలో పొట్టిగా పెట్టి, పేరు తెలుగులో పెట్టుట సుఖము.

అంతర్జాలమున వచ్చువారు పుస్తకము మొదటినుండి చదువుచు వచ్చువారు కారు. గాలికెగిరి వచ్చిన తాటియాకు చేతికి దొరకినట్లు, ఏదో యొక పుట నడుమ దిగుదురు. మన ప్రాచీనకవు లీ యిక్కట్టు నెఱిగియే కాబోలు, ప్రతి యాశ్వాసము చివరను గద్యము వ్రాసి, కవి పేరు, తండ్రి పేరు, కావ్యము పేరు, ఇది యెన్నవ యాశ్వాసమను సంగతి తెలిపిరి. గ్రంథము చెదరినను ఆకు తన యిల్లేదో చెప్పుకొనగలదు. మన పుటలకు నట్టి గద్యము వలయును. ఎవరు వ్రాసిరి, ఏ తేదీన వ్రాసిరి, ఎప్పుడు దిద్దిరి. తేదీ లేని పుట పుట్టించు చిక్కులు పెక్కు. మా జహీరాబాదు 2016 అక్టోబరు 11 వఱకు మెదకు జిల్లాలోనిది. నాటినుండి సంగారెడ్డి జిల్లాలోనిది. పాత పుట చూచి, యేదో పనికి మెదకు బయలుదేఱు నమాయకులు ఉండరని చెప్పలేము. "సంగారెడ్డి జిల్లా (2016 వరకు మెదక్ జిల్లా)" అని వ్రాసినచో పాతపేరుతో వెదకువారికిని దొరకును, దారియు తప్పదు. "వచ్చే సోమవారం", "ఈ సంవత్సరం" అను మాటలు పుటలో వ్రాయనేరాదు. మూడేండ్ల తఱువాత చదువువారికి వచ్చే సోమవారము ఏది?

"వివరాలకు ఇక్కడ నొక్కండి" యనునది మఱియొక దురలవాటు. చూపులేనివారు పుటలోని లింకులను మాత్రమే వరుసగా వినుచు పోవుదురు. వారికి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" యని వినబడును. "తైదల జావ కాచు విధానం" అను మాటలనే నొక్కునట్లు చేయవలెను. శీర్షికల పేర్లు వినోదముగా పెట్టు ముచ్చటయు నిట్లే. "అమ్మచేతి కమ్మదనం" అను పేరుతో నొక పుట చూచితిమి. లోపల చామగడ్డ పులుసు. చామగడ్డ యని గాని చేమదుంప యని గాని పై భాగమున నెచ్చటను లేదు. అమ్మచేతి కమ్మదనమని వెదకి పులుసు పెట్టుకొనువారు ఎవ్వరు?

ఇన్ని చెప్పి మీరు మాత్రము గ్రాంథికమున వ్రాయుచున్నారేమని యడుగుదురు గదా. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై జీవితమంతయు వాదించిరి. వారి జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ వాదము మాకు సమ్మతమే. ఈ శీర్షిక కోరి తెఱచినవారు తీరికతో వచ్చినవారు, ఈ నుడికారమునకు అలవాటు పడినవారు. అర్ధరాత్రము బిడ్డ నెత్తుకొని వెదకు తల్లికి "త్రాగింపవలయును" అని వ్రాయము. "తాగించండి" యని పైన వ్రాసియే యున్నాము గదా.

పుట వ్రాసి ముగించిన పిమ్మట నొక పరీక్ష చేయుడు. విషయము తెలియని పొరుగామెను పిలిచి, పుటను చూపక, విషయము మాత్రము చెప్పి, "నీవైతే ఫోనులో నేమని వెదకుదువు?" అని యడుగుడు. ఆమె పలికిన మాటలు కాగితముపై వ్రాసికొనుడు. మీ పుటలో నవి యున్నవో లేవో చూడుడు. ముగ్గురి నడిగిన మూడు తీరుల మాటలు వచ్చును. మామగారి నడిగిన నాలుగవ తీరు. మాటకు పర్యాయము తోచనిచో ఆంధ్రభారతివారి నిఘంటుశోధనయందు చూడవచ్చును. అందు పలు నిఘంటువు లొకేమాఱు తెఱచుకొనును. ఎంత పెద్ద నిఘంటువైనను, మా వైపు సంతలో కూరలమ్ము స్త్రీలు పలుకు మాటలు కొన్ని దానియందు చేరియుండవు. అట్టి మాటలు రేడియోలోను జాతరలోను పలుకబడి గాలిలో కలియుచున్నవి. విత్తనమును బూడిదలో కలిపి యెట్లు దాచుదురో, ఏ కార్తెలో నేది చల్లుదురో, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, వారు పిలిచిన పేరుతోనే పుట పెట్టు సోదరి యొక్కతె ప్రతి యూరను కావలెను. అది చదువుకొన్న కోడలు ప్రక్కన కూర్చుండి చేయగల పని; గంట పట్టును.

వచ్చు మాసమునకు మేమొక పుటను నమూనాగా తయారు చేయ సంకల్పించితిమి. విషయము సర్వపిండి. బియ్యపుపిండిలో నువ్వులు, పల్లీలు, నానిన సెనగపప్పు, కారము కలిపి, గిన్నె లోపలి అడుగున అద్ది కాల్చునది. దీనిని తపాలచెక్క యనువారు కలరు, గిన్నప్ప యనువారు కలరు. మీ మీ యూళ్లలో నేమందురో, ఏ జిల్లాయో, మీ యత్తగారి కాలమున నేమనెడివారో, యొక కార్డుపై వ్రాసి ఈ నెల 20వ తేదీలోపల పత్రికా కార్యాలయమునకు చేరునట్లు పంపుడు. వంట తీరు వ్రాయనక్కఱలేదు, పేరు చాలును.